చిన్నబిడ్డల మనస్సును ఎరిగి బోధించుట

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 6:4–9; మత్తయి 18:1–6; యోహాను 9:1–3



పాపములను ఒప్పుకొనుడని సంఘకాపరి ప్రతి ఆదివారము సంఘమును పిలుచును. ఈ నెల నేనే ఒక తప్పును ఒప్పుకొని మొదలుపెట్టుచున్నాను. ఇది నా మొదటి సంఘములో జరిగినది. అప్పటి చిన్నది ఇప్పుడు పెద్దదై పట్టణమున చదువుకొనుచున్నది. ఆమెయు ఆమె తల్లియు వ్రాయుమని చెప్పినందున వ్రాయుచున్నాను. పేర్లు చెప్పను.

ఒక ఆదివారము సండే స్కూలులో నేను అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయమును బోధించితిని. అననీయయు సప్పీరయు అబద్ధమాడి, పడి చనిపోయిన సంగతి అది. పిల్లలు కదలక వినవలెనని నేనే చాపమీద దభాలున పడి చూపించితిని. పెద్దపిల్లలను నలుగురిని పిలిచి, నన్ను మోసికొనిపోవుచున్నట్లు నటింపజేసితిని. "అబద్ధమాడితే ఇంతే" అని ముగించితిని. ఆ దినమున ఒక్క పిల్లయు అల్లరి చేయలేదు. పాఠము బాగుగా సాగినదని సంతోషించి ఇంటికి వెళ్లితిని.

ఆ పిల్లలలో ఏడేండ్ల చిన్నది ఒకతె యుండెను. ఆ వారములోనే ఆమె తమ్ముడు, ఆరు నెలల పసివాడు, జ్వరము వచ్చి చనిపోయెను. భూస్థాపన నేనే జరిపితిని. అటు తరువాత చిన్నది గుడికి రాలేదు. నేను వీధిలో కనబడగానే తలుపుచాటున దాగుకొనుచుండెను. రాత్రులు కేకవేసి లేచుచుండెను. అన్నము సరిగా తినుట మానెను. "గాలి సోకిందండి అయ్యగారూ, వచ్చి ప్రార్థన చెయ్యండి" అని తల్లి ఏడ్చెను. నేను నూనె తీసికొని వెళ్లి, ఆమె తలమీద చేయియుంచి, బిగ్గరగా ప్రార్థించితిని. చిన్నది వణకిపోయెను. మూడు మారులు అట్లు చేసితిని. మూడు మారులును ఆమె మరింత ముడుచుకొనిపోయెను.

మా సంఘములో ఒక ముసలి బైబిలు స్త్రీ యుండెను. ఆమెకు పెద్ద చదువు లేదు. ఒక మధ్యాహ్నము ఆమె ఆ యింటి అరుగుమీద కూర్చుండి, చింతపండు గింజలు తీయుచు, చిన్నదాని ముందర కూడ కొంత చింతపండు పెట్టెను. ఏమియు అడుగలేదు. మరునాడును అట్లే చేసెను. మూడవనాడు చిన్నది తల యెత్తకయే అడిగెనట: "మామ్మా, నన్నెప్పుడు మోసుకుపోతారు?"

సంగతి ఏమనగా, పాఠము విన్న మరునాడు తల్లి ఆ చిన్నదానిని ఉయ్యాల ఊపుమని చెప్పి నీళ్లకు వెళ్లెను. చిన్నది ఉయ్యాల విడిచి కుండలోని బెల్లపుముక్క తీసికొని తినెను. తల్లి వచ్చి అడుగగా, "నేను తియ్యలేదమ్మా" అనెను. రెండు దినములు గడువకమునుపే తమ్మునికి జ్వరము వచ్చెను. చిన్నది తన మనస్సులో లెక్క కట్టుకొనెను: అబద్ధమాడినది తాను, దేవుడు చంపినది తమ్ముని, ఇక తన వంతు మిగిలియున్నది. నేను నూనెబుడ్డితో ఆ గడప ఎక్కినప్పుడెల్ల, తన్ను మోసికొనిపోవుటకే వచ్చితినని ఆమె తలంచెను.

బైబిలు స్త్రీ ఇదంతయు నాకు చెప్పి, "పాఠం బాగానే చెప్పారు అయ్యగారూ, వినే పిల్ల వయసెంతో చూసుకోలేదు" అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో చదివి, పరీక్ష వ్రాసి, మరచిపోయిన పాఠము ఒకటి అప్పుడు జ్ఞాపకమునకు వచ్చెను. అది మనస్తత్వశాస్త్రమునకు సంబంధించిన పాఠము.

మనస్తత్వశాస్త్రమనగా మనుష్యుని మనస్సు ఎట్లు ఎదుగును, ఎట్లు నేర్చుకొనును, ఏల భయపడును అని పరిశీలించి చెప్పు శాస్త్రము. ఈ శాస్త్రమునకును మన మతబోధకును ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. రైతు భూమిని చేయలేదు, విత్తనమును చేయలేదు. అయినను ఏ నేలకు ఏ అదను మంచిదో ఎరుగక విత్తినయెడల గింజ వృథాయగును. వాక్యము దేవునిది, బిడ్డ మనస్సును దేవుడు చేసినదే. ఆ మనస్సు యొక్క తీరును ఎరుగుట విత్తువాని పని. ఇందునుగూర్చి మూడు సంగతులు చెప్పెదను.

మొదటిది: బిడ్డ తన వయస్సుకు తగినట్లు గ్రహించును

కాల్విను గారు సంస్కరణ జరిగించిన జెనీవా పట్టణములోనే, నాలుగు వందల యేండ్లకు పిమ్మట, పియాజె అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు (1896–1980) పనిచేసెను. ఆయన పిల్లల మధ్య కూర్చుండి, వారి ఆటలు చూచి, చిన్న చిన్న కథలు చెప్పి, ప్రశ్నలు వేసి, వారి జవాబులను వ్రాసికొనెను. పిల్లల నీతిజ్ఞానమును గూర్చిన ఆయన పుస్తకము 1932లో వెలువడెను.

అందులోని ఒక కథ ఇది. ఒక పిల్లవాడు భోజనమునకు పిలువబడి తలుపు త్రోసెను. తలుపు వెనుక పళ్లెములో 15 కప్పులున్నవని వానికి తెలియదు, అవన్నియు పగిలిపోయెను. మరియొక పిల్లవాడు తల్లి లేని వేళ మిఠాయి దొంగిలించబోయి ఒక్క కప్పు పగులగొట్టెను. ఎవడు ఎక్కువ చెడ్డవాడు? చిన్నపిల్లలలో అనేకులు 15 కప్పులు పగులగొట్టినవాడే అనిరి. వారు తలంపును చూడరు, నష్టమును లెక్కింతురు. కొంచెము పెద్దవారైన తరువాతనే లోపలి ఉద్దేశమును చూచుట నేర్చుకొందురు.

ఇంకొక కథలో ఒక బాలుడు పండ్లు దొంగిలించి పారిపోవుచు పాతబడిన వంతెన దాటుచుండగా, అది విరిగి నీటిలో పడెను. దొంగిలించకపోయినయెడల వంతెన విరిగియుండునా? ఆరేండ్ల పిల్లలలో ఎక్కువమంది విరిగియుండదనిరి. తప్పు చేసినందుననే వంతెన విరిగెనని వారి నమ్మకము. పదకొండు పన్నెండేండ్లవారిలో అట్లు చెప్పినవారు అంతకంటె తక్కువ.

ప్రియులారా, మా చిన్నదాని మనస్సులో బెల్లపుముక్కయే వంతెనను విరిచెను. దయ్యము పట్టినందున ఆమె అట్లు తలంచలేదు, ఏడేండ్ల బిడ్డ గనుక తలంచెను. అది ఎరుగని బోధకుడు పెద్దలకు తగిన ఆహారమును పసిదాని నోట పెట్టెను.

ఇది పిల్లలకు మాత్రమే కలుగు పొరపాటు కాదు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపమువలన ఇట్లాయెనని అడిగినవారు ఎదిగిన శిష్యులే. ఇతడుగాని, ఇతని కన్నవారుగాని కారణము కాదని ప్రభువు చెప్పెను. మన యిండ్లలో చావు కలిగినప్పుడు, పంట పోయినప్పుడు, మనమును ఆ పాత లెక్కనే వేయుదుము గదా. బిడ్డ ఆ లెక్కలో నిలిచియున్నదని శాస్త్రము చూపించును. ఆ లెక్కలోనుండి విడిపించువాడు ప్రభువు.

ఇంగ్లాండులో గోల్డ్‌మన్ అను విద్యావేత్త 200 మంది పిల్లలను బైబిలు కథలను గూర్చి ప్రశ్నించి, 1964లో తన పుస్తకమును ప్రచురించెను. మోషేయు మండుచున్న పొదయు, ఎఱ్ఱసముద్రము దాటుట, యేసుప్రభువు శోధింపబడుట, ఇవి ఆయన తీసికొనిన కథలు. చిన్నవారు కథలోని బయటి సంగతులనే పట్టుకొందురనియు, పదమూడు పదునాలుగేండ్ల ప్రాయము వచ్చువరకు వాటి లోతైన భావమును చక్కగా గ్రహింపలేరనియు ఆయన అభిప్రాయము. కావున పసిపిల్లలకు బైబిలు కథలు తగ్గించవలెనని ఆయన చెప్పగా, అనేకులు దానికి ఒప్పుకొనలేదు. నేనును ఒప్పుకొనను. భావము తెలియకముందే కథ హృదయములో నివసించును. మా నాయనమ్మ తప్పిపోయిన గొఱ్ఱె కథ చెప్పినప్పుడు నాకు గొఱ్ఱె మాత్రమే తెలిసెను, ఇప్పుడు కాపరి తెలియుచున్నాడు. అయినను గోల్డ్‌మన్ గారి హెచ్చరికను మనము త్రోసివేయరాదు. ఏ కథ ఏ వయస్సుకు తగునో ఎంచుకొనవలెను. అననీయ పాఠము సంఘములోని పెద్దలకు చెప్పవలసినది, పండ్రెండేండ్లు దాటినవారితో విచారించి బోధింపదగినది. ఏడేండ్ల బిడ్డకు మొదట గొఱ్ఱెల కాపరిని చూపుడి.

రెండవది: మాటిమాటికి, కొంచెము కొంచెముగా చెప్పినది నిలుచును

మనము పిల్లలకు కంఠత వాక్యము ఇచ్చుచున్నాము. శనివారము రాత్రి బెత్తము పట్టుకొని నలుబదిసార్లు చదివించుదుము. ఆదివారము అప్పజెప్పి, బహుమతి కార్డు తీసికొని, బుధవారమునకు మరచిపోవుదురు. పిల్లలు సోమరులని మనము కోపపడుదుము.

జర్మనీ దేశస్థుడైన ఎబ్బింగ్‌హౌస్ గారు జ్ఞాపకశక్తిని గూర్చి తనమీదనే పరీక్షలు చేసికొని 1885లో వాటి ఫలితమును ప్రకటించెను. అర్థములేని అక్షరముల వరుసలను కంఠత పట్టి, ఎంత మరచిపోయెనో కొలిచి చూచెను. నేర్చుకొనినదానిలో చాలభాగము మొదటి గంటలలోనే పోవునని కనుగొనెను. ఒకే దినమున 68 మారులు వల్లించిన దానికంటె, మూడు దినములు పంచుకొని 38 మారులు వల్లించినది తక్కువ కాలేదని వ్రాసెను.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము తెరచి చూడుడి. దేవుని మాటలను కుమారులకు ఎప్పుడు చెప్పవలెను? ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. బెత్తము సంగతి అక్కడ లేదు. దినమంతట పంచిపెట్టిన బోధ ఉన్నది. ఇంకొక మాట. ఎబ్బింగ్‌హౌస్ గారు అర్థములేని అక్షరములను వల్లించెను, మనము వల్లించునది జీవపు మాట. అర్థము తెలిసి, ప్రేమగల నోట వినినది మరింత నిలుచును.

తల్లులారా, మీరు చదువుకొనలేదని చింతపడకుడి. వాక్యము పొలమునకు పోవుత్రోవలో ఒకసారి, పొయ్యియొద్ద ఒకసారి, దీపమార్పునప్పుడు ఒకసారి చెప్పించుడి. ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒక చరణము పాడించుడి. ఆదివారమున ఒక గంట మాత్రమే ఉండు బడి, ఆరు దినములు మౌనముగానుండు ఇంటి లోటును తీర్చలేదు.

మూడవది: మాటకు ముందే నమ్మిక పుట్టును

ఎరిక్సన్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1950లో ప్రచురించిన పుస్తకములో, శిశువు మొదటి యేటనే ఒక గొప్ప పాఠము నేర్చుకొనునని చెప్పెను. ఏడ్చినప్పుడు ఎవరైన వచ్చెదరా? ఆకలికి పాలు దొరకునా? ఎత్తుకొను చేతులు ప్రతిదినము అవేనా? దొరకినయెడల లోకము నమ్మదగినదని బిడ్డ నేర్చుకొనును, లేనియెడల అపనమ్మికను నేర్చుకొనును. తరువాతి ఎదుగుదలకెల్ల ఇది పునాది. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఇరువదిరెండవ కీర్తన తొమ్మిదవ వచనము జ్ఞాపకము వచ్చెను. తల్లిరొమ్మున నున్నప్పుడే దేవుడు తనకు నమ్మిక పుట్టించెనని దావీదు సాక్ష్యమిచ్చుచున్నాడు.

కావున మతబోధ సండే స్కూలు గంటతో ఆరంభము కాదు. దేవుడు తండ్రి యని మనము బిడ్డకు చెప్పుచున్నాము. తండ్రి యను మాట వినగానే ఆ బిడ్డకు ఏమి జ్ఞాపకము వచ్చును? కల్లుపాకనుండి వచ్చి తల్లిని కొట్టు చెయ్యి జ్ఞాపకము వచ్చినయెడల, ఆ మాట బిడ్డకు సువార్త కానేరదు. మనము ఆ మాటను చెరిపినవారమగుదుము. అల్లరి మాన్పుటకు "దేవుడు కళ్లు తీసేస్తాడు" అని బెదిరించు అవ్వలారా, మీరు బూచివానికి దేవుని పేరు పెట్టుచున్నారు. చిన్నవారిని అభ్యంతరపరచువాని మెడకు తిరుగటిరాయి కట్టుట మేలని ప్రభువు చెప్పిన దినమున, ఆయన ఎదుట ఒక బిడ్డ నిలిచియుండెను. ఆ రాయి బరువు నాకు ఆ రాత్రి తెలిసినది.

శాస్త్రమునకు హద్దు కలదు

మా పెద్ద ఒకరు అడిగిరి: "అయ్యగారూ, మనస్తత్వశాస్త్రం దేవుడు లేడనేవాళ్లది కదా, గుళ్లోకెందుకండీ?" న్యాయమైన ప్రశ్నయే. ఆ శాస్త్రములో మిక్కిలి పేరుపొందిన ఫ్రాయిడ్ గారు దేవునియందలి విశ్వాసము ఒక భ్రమ యనియు, బిడ్డ తండ్రికొరకు ఆశించు ఆశ పెద్దదై ఆ రూపము తాల్చినదనియు 1927లో వ్రాసిరి. అయితే ఆయన స్నేహితులలో ఫిస్టర్ అను ఒక సంఘకాపరి యుండెను. ఆయన స్విట్జర్లాండు దేశమున జూరిచ్ పట్టణములో ప్రొటెస్టంటు గుడిని కాయుచు, ఫ్రాయిడ్ గారి విద్యను నేర్చుకొని, మనస్సు నలిగినవారికి సహాయము చేసినవాడు. 1928లో ఆయన ఫ్రాయిడ్ గారికి బహిరంగముగా జవాబు వ్రాసెను. విశ్వాసమును విడువలేదు, స్నేహమును విడువలేదు. 1909లో మొదలైన వారి ఉత్తరములు ఫ్రాయిడ్ గారు 1939లో చనిపోవువరకు సాగెను.

మనమును అట్లే నడువవలెను. బిడ్డ ఏల భయపడెనో శాస్త్రము చెప్పగలదు. తండ్రి ముఖము చూచి బిడ్డ దేవుని ఊహించుకొనునని చెప్పగలదు. ఆ ఊహకు వెనుక జీవముగల దేవుడున్నాడా అని కొలుచుటకు దానియొద్ద కొలబద్ద లేదు. పాపమును క్షమించుట దాని చేతిలో లేదు. అట్లని మనము దానిని ద్వేషింపనక్కర లేదు. కంటివైద్యుడు చూపు ఇచ్చిన తరువాత, చూడవలసినవానిని చూపుట మన పని.

ఆ చిన్నదాని సంగతి

తెల్లవారగానే నేను ఆ యింటికి వెళ్లితిని. నూనె తీసికొనిపోలేదు. నేలమీద కూర్చుండి చెప్పితిని: "తల్లీ, ఆ పాఠం నేను సరిగ్గా చెప్పలేదమ్మా, తప్పు నాదే. తమ్ముడికి జ్వరం వచ్చింది, అందుకే చనిపోయాడు. నీ బెల్లం వల్ల కాదు. నిన్నెవ్వరూ మోసుకుపోరు."

చాల సేపు ఊరకుండెను. తరువాత, "మరి నేను అబద్ధం చెప్పాను కదండీ?" అనెను.

ఆ ప్రశ్న విని నేను ఆమెను మెచ్చుకొంటిని. తమ్ముని చావు భారము ఆమెది కాదు, దానిని దించవలెను. అబద్ధము ఆమెదే. ఏమియు లేదని దానిని త్రోసివేసినయెడల అది మరియొక అబద్ధమగును. "చెప్పావు. అది అమ్మతో చెప్పు" అంటిని. చిన్నది తల్లితో చెప్పెను. కొడుకును పోగొట్టుకొనిన ఆ తల్లి ఆమెను ఒడిలోనికి లాగుకొని ఏడ్చెను. దేవుడు క్షమించునని నేను వంద పాఠములలో చెప్పియుందును. ఆ బిడ్డ దానిని ఆ ఒడిలో నేర్చుకొనెను.

వెంటనే అంతయు బాగుపడలేదు. మూడు నెలలు ఆమె గుడిలో తలుపుదగ్గరి చాపమీదనే, బైబిలు స్త్రీ ప్రక్కను కూర్చుండెను. నేను గొంతు పెంచినప్పుడెల్ల ఆ మామ్మ చీరకొంగు పట్టుకొనుచుండెను. అప్పటినుండి సండే స్కూలులో గొంతు తగ్గించి మాటలాడుట నేర్చుకొంటిని.

మనము చేయవలసినది

ఉపాధ్యాయులారా, పాఠము చెప్పిన తరువాత, "ఏం విన్నారు? ఇంకోసారి నాకు చెప్పండి" అని పిల్లలను అడుగుడి. మనము చెప్పినది వేరు, వారు వినినది వేరు, అడిగితేనే తెలియును. నేను ఆనాడు అడిగియుండినయెడల ఆ చిన్నది అన్ని రాత్రులు భయపడియుండెడిది కాదు.

ఇంటిలో చావు కలిగినప్పుడు పెద్దలను మాత్రమే ఓదార్చి వెళ్లకుడి. మూలనున్న బిడ్డయొద్ద కూర్చుండి, "నీ వల్ల కాదమ్మా" అని స్పష్టముగా చెప్పుడి. అడుగకపోయినను చెప్పుడి.

బిడ్డ వారముల తరబడి మాటలాడక, నిద్రపోక, తినక యున్నయెడల, గాలి యని దూరము చేయకుడి, కొట్టకుడి. ప్రార్థించుడి, వైద్యునియొద్దకును తీసికొనిపోవుడి. లూకా వైద్యుడై యుండియే సువార్త వ్రాసెను. మనస్సు నలిగినవారికొరకు ప్రభుత్వము 2022 అక్టోబరులో టెలి మానస్ అను ఉచిత సేవను ఆరంభించినది. 14416 నంబరుకు ఫోను చేసినయెడల తెలుగులోనే మాటలాడవచ్చును. దీనిని వాడుకొనుట అవిశ్వాసము కాదు.

ప్రభువైన యేసు తానే బాలుడై జ్ఞానమందును వయస్సునందును ఎదిగెనని లూకా రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఒక్క దినమున ఆయన పెద్దవాడు కాలేదు. మన బిడ్డలకును ఆ కాలమును ఇచ్చెదముగాక.

ప్రార్థన: చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొనిన ప్రభువా, మా నోటి మాటవలన భయపడి నీకు దూరమైన బిడ్డలను నీవే వెదకి తెచ్చుకొనుము. మా తప్పును క్షమించుము. వారి మనస్సును చేసినవాడవు నీవే గనుక, దానిని ఎరిగి బోధించు ఓర్పును మాకు దయచేయుము. మా యిండ్లలో తండ్రి యను మాటను బిడ్డలు సంతోషముతో పలుకునట్లు మమ్మును మార్చుము. ఆమేన్.